ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంచొచ్చా? బ్యాటరీ ఉబ్బిన కథ, 80 శాతం లెక్క

ముందు ఈ ఫొటో ఒకసారి చూడండి. నల్లగా, సన్నటి పలకలా ఉండాల్సిన వస్తువు ఇది. ఇప్పుడెలా ఉందో చూశారా? నూనెలో వేసిన పూరీలా పొంగిపోయింది. ఇది మా పిన్ని కొడుకు ల్యాప్‌టాప్ బ్యాటరీ. కొని ఏడాదిన్నర. బ్యాటరీకి వారంటీ ఒక్క ఏడాదే, అది అయిపోయింది. ల్యాప్‌టాప్ ఈఎంఐ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

వాడు ఇంజనీరింగ్ ఫైనలియర్, హాస్టల్లో ఉంటాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నా, టచ్‌ప్యాడ్ నొక్కుతుంటే క్లిక్ అవ్వట్లేదు, డ్రైవర్ అప్‌డేట్ చెయ్యాలా?" అన్నాడు. నేను కూడా సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమే అనుకున్నా. అప్‌డేట్ చెయ్యమన్నా, రీస్టార్ట్ చెయ్యమన్నా. రెండ్రోజులకి మళ్ళీ ఫోన్. "అన్నా, మూత మూస్తే సరిగ్గా మూసుకోవట్లేదు" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. వెంటనే ఛార్జర్ పీకెయ్, షట్‌డౌన్ చెయ్, ఇంక ఆన్ చెయ్యకుండా సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్ళు అని చెప్పా. అక్కడ వెనక ప్లేటు విప్పితే ఇదీ సంగతి. బ్యాటరీ లోపల గ్యాస్ చేరి, ఉబ్బి, కింద నుంచి టచ్‌ప్యాడ్‌ని పైకి నెట్టేస్తోంది. అదే వారం వాడికి ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్టు ఉంది. పక్క గదిలో ల్యాప్‌టాప్ అడుక్కుని రాశాడు.

నాకు బాగా అనిపించింది ఏంటంటే, వాడు అజాగ్రత్త మనిషి కాదు. "అన్నా, నేను ఎప్పుడూ ఛార్జర్ తియ్యలేదు, నూటికి తగ్గనివ్వలేదు" అని ఏదో మంచిపని చేసినట్టే చెప్పాడు. ఇరవైనాలుగు గంటలూ ప్లగ్‌లో, పరుపు మీద, 100 శాతం దగ్గర. వాడి రూమ్మేట్‌ది దీనికి పూర్తిగా రివర్స్ పద్ధతి. 100 అవ్వగానే ప్లగ్ పీకేస్తాడు, ఇంక ల్యాప్‌టాప్ దానంతటది ఆగిపోయే దాకా ఛార్జర్ ముట్టుకోడు. ఎవరో సీనియర్ చెప్పాడట, బ్యాటరీని మొత్తం ఖాళీ చేసి మొత్తం నింపితేనే దానికి మంచిదని. ఆ అబ్బాయి బ్యాటరీ ఉబ్బలేదు గానీ, కొత్తలో ఐదు గంటలు వచ్చేది ఇప్పుడు గంటన్నర కూడా రావట్లేదు. ఇద్దరూ బ్యాటరీని కాపాడుకుందామనే చేశారు. ఇద్దరిదీ పోయింది.

ఆ సీనియర్ చెప్పింది ఒకప్పుడు నిజమే, అబద్ధమేం కాదు. పాత కార్డ్‌లెస్ ఫోన్లలో, మొదటి తరం ల్యాప్‌టాప్‌లలో నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఉండేవి. వాటికి మెమరీ ఎఫెక్ట్ అని ఒక రోగం. సగంలోనే పదే పదే ఛార్జ్ చేస్తుంటే, తన సామర్థ్యం ఆ సగమే అన్నట్టు ప్రవర్తించేవి. అందుకే ఖాళీ చేసి నింపమనేవారు. తర్వాత 1991లో సోనీ మొదటిసారి లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు మీ ఫోన్‌లో, ఇయర్‌బడ్స్‌లో, ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఆ కుటుంబమే. దీని వెనక పనిచేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకి, గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో, 2019లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. గుడ్‌ఇనఫ్ గారికి అప్పటికి 97 ఏళ్ళు. ఆయన పేరులోనే గుడ్ ఇనఫ్ ఉంది, బ్యాటరీని కూడా గుడ్ ఇనఫ్ దాకా ఛార్జ్ చేస్తే చాలు, ఫుల్ అక్కర్లేదు. సారీ, ఈ జోక్ చెప్పకుండా ఉండలేకపోయా.

బ్యాటరీ మారింది, సలహా మాత్రం మారలేదు. లిథియం అయాన్‌కి మెమరీ ఎఫెక్ట్ గొడవ లేదు. దీని శత్రువులు వేరే. అవేంటో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి, రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

బ్యాటరీలో రెండు వైపులుంటాయి. ఒకవైపు గ్రాఫైట్, అంటే పెన్సిల్ ముల్లులో ఉండే పదార్థమే. ఇంకోవైపు లిథియం కలిసిన మెటల్ ఆక్సైడ్. మధ్యలో ఎలక్ట్రోలైట్ అనే ద్రవం. ఛార్జ్ చేస్తున్నప్పుడు లిథియం అయాన్లు ఆక్సైడ్ వైపు నుంచి బయల్దేరి, ద్రవాన్ని దాటి, గ్రాఫైట్ పొరల మధ్య దూరి కూర్చుంటాయి. మనం వాడుతున్నప్పుడు తిరిగి వెనక్కి వెళ్తాయి. అంతే, అటూ ఇటూ తిరగడమే వాటి పని.

సంక్రాంతి ముందురోజు హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ నుంచి బయల్దేరే బస్సు ఊహించుకోండి. మొదట ఎక్కినవాళ్ళు టకటకా వెళ్ళి సీట్లలో కూర్చుంటారు. సీట్లు నిండాక వచ్చేవాళ్ళు నిలబడతారు, సర్దుకుంటారు, "కొంచెం జరగండి బాబూ" అంటారు. చివరి పదిమంది ఎక్కాలంటే డోర్ దగ్గర తోసుకోవాల్సిందే. బ్యాటరీ కూడా ఇంతే. అందుకే మీ ఫోన్ 20 నుంచి 70 దాకా పరిగెత్తి, 90 నుంచి 100కి మాత్రం నత్తనడక నడుస్తుంది. ఛార్జింగ్ సర్క్యూట్టే కావాలని కరెంటు తగ్గించేస్తుంది. ఆ కిక్కిరిసిన బస్సు గమ్యానికి చేరి జనం దిగిపోతే బస్సుకేం కాదు. కానీ అంతమందితో అలాగే వారాల తరబడి నిలబెడితే? బాడీ మీద ఒత్తిడి. అదే ఎర్రటి ఎండలో నిలబెడితే? ఇంక చెప్పక్కర్లేదు.

టెక్నికల్‌గా చెప్పాలంటే, ఇప్పటి సెల్ ఒక్కోటి ఫుల్ అయినప్పుడు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది, కొన్ని రకాలు ఇంకొంచెం పైన. ఆ వోల్టేజ్ దగ్గర ఎలక్ట్రోలైట్ మెల్లగా విరిగిపోతూ ఉంటుంది. అలా విరిగిన పదార్థం పొరలా పేరుకుంటుంది, లిథియంని తినేస్తుంది, కొంత గ్యాస్‌గా కూడా మారుతుంది. పొర పేరుకుంటే కెపాసిటీ తగ్గుతుంది. గ్యాస్ చేరితే మీరు ఫొటోలో చూసిన పూరీ తయారవుతుంది. వేడి తోడైతే ఇదంతా స్పీడందుకుంటుంది. అంటే ఫుల్ ఛార్జ్ దగ్గర ఎక్కువసేపు ఉండటం, పైగా వేడి. మా తమ్ముడి పరుపు మీద ఈ రెండూ కలిసి ఏడాదిన్నర కాపురం చేశాయి.

ఎంత తేడా వస్తుందో అంకెల్లో చెప్తా. బ్యాటరీ యూనివర్సిటీ అనే వెబ్‌సైట్‌లో ఒక పట్టిక ఉంది. బ్యాటరీని వాడకుండా ఏడాది పక్కన పెడితే ఎంత కెపాసిటీ మిగులుతుందో అందులో ఇచ్చారు. 25 డిగ్రీల గదిలో 40 శాతం ఛార్జ్‌తో పెడితే ఏడాది తర్వాత 96 శాతం మిగులుతుంది. అదే గదిలో 100 శాతం ఛార్జ్‌తో పెడితే 80 శాతమే. ఇప్పుడు వేడి పెంచండి. 40 డిగ్రీల దగ్గర, 40 శాతంతో పెడితే 85 మిగులుతుంది, 100తో పెడితే 65. అసలు వాడకుండానే మూడోవంతు పైగా పోయింది! మీరు కోడ్ రాయలేదు, గేమ్ ఆడలేదు, సినిమా చూడలేదు. ఫుల్‌గా నింపి వేడిలో పెట్టారు, అంతే.

మేలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఉండేవాళ్ళకి 40 డిగ్రీలంటే ల్యాబ్ లెక్క కాదు, పొద్దున పదింటి సంగతి. పైగా అది గాలి వేడి. ల్యాప్‌టాప్ లోపల ప్రాసెసర్ పక్కనే ఉన్న బ్యాటరీ దానికంటే ఇంకా వేడిగా ఉంటుంది. ఆపిల్ వాళ్ళు మ్యాక్‌బుక్ వాడాల్సిన గది వేడి 10 నుంచి 35 డిగ్రీలు అని రాస్తారు. మన ఎండాకాలం ఆ గీత దాటి ఎప్పుడో వెళ్ళిపోయింది.

ఇప్పుడు అందరికీ ఉండే డౌట్. "అయితే ఎప్పుడూ ప్లగ్‌లో పెట్టకూడదా?" పెట్టొచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్లగ్‌లో ఉంచితే ఓవర్ ఛార్జ్ అయిపోతుందని భయం. కాదు. బ్యాటరీ ఫుల్ అవ్వగానే లోపలి చిప్ ఛార్జింగ్ ఆపేస్తుంది, ల్యాప్‌టాప్ నేరుగా అడాప్టర్ కరెంటుతోనే నడుస్తుంది. నిజానికి ప్లగ్‌లో పెట్టి వాడితే బ్యాటరీ అరుగుదల తగ్గుతుంది కూడా. తప్పు ప్లగ్‌ది కాదు, 100 దగ్గర కూర్చోబెట్టడానిది. ప్లగ్‌లోనే ఉంచి, బ్యాటరీని మాత్రం 80 దగ్గర ఆపగలిగితే గొడవే లేదు కదా?

ఆపొచ్చు. ఈ సెట్టింగ్ చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది, డిఫాల్ట్‌గా ఆన్ చేసి ఉండదు, షాపువాడు చెప్పడు. లెనోవో అయితే వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్ అని ఉంటుంది. మోడల్‌ని బట్టి 60 దగ్గరో 80 దగ్గరో ఆపుతుంది. ఆసుస్‌లో మైఆసుస్ యాప్ తెరిచి బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్ వెతకండి. ఏసర్‌కి కేర్ సెంటర్ యాప్‌లో, కొత్త మోడళ్ళకి ఏసర్‌సెన్స్ యాప్‌లో బ్యాటరీ లిమిట్ ఉంటుంది. డెల్‌లో వాళ్ళ యాప్‌లో గానీ, ఆన్ అవుతుండగా ఎఫ్2 నొక్కితే వచ్చే బయోస్‌లో గానీ ఛార్జింగ్ సెట్టింగులు కనిపిస్తాయి. ఎప్పుడూ ప్లగ్‌లో వాడేవాళ్ళ కోసం విడిగా ఒక ఆప్షన్ ఉంటుంది, లేదా కస్టమ్ పెట్టి ఎక్కడ ఆపాలో మీరే చెప్పొచ్చు. హెచ్‌పీలో చాలా మోడళ్ళకి బయోస్‌లోనే, అక్కడ నొక్కాల్సింది ఎఫ్10. బ్యాటరీ హెల్త్ మేనేజర్ అనే పేరు చూడండి. బయోస్ అనగానే భయపడొద్దు, ఆ ఒక్కటి మార్చి, సేవ్ చేసి బయటికి వచ్చెయ్యండి, మిగతావాటి జోలికి పోవద్దు. మ్యాక్‌లో అయితే ఆప్టిమైజ్డ్ బ్యాటరీ ఛార్జింగ్ ఉంటుంది. అది మీ అలవాట్లు గమనించి, అవసరమనిపించినప్పుడు 80 దగ్గర ఆపి, మీరు ప్లగ్ తీసే టైముకి ఫుల్ చేయడానికి చూస్తుంది.

మీ ఫోన్‌లో కూడా ఇలాంటిదే ఉంటుంది. ఐఫోన్ 15 నుంచి 80 శాతం లిమిట్ వచ్చింది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ ప్రొటెక్షన్ లాంటి పేరుతో ఉంటుంది. కెమిస్ట్రీ ఒక్కటే. కాకపోతే ఫోన్ రోజూ కిందికి దిగుతుంది, ఎక్కుతుంది. వారాల తరబడి 100 దగ్గర కూర్చునే గతి ఎక్కువగా ల్యాప్‌టాప్‌కే పడుతుంది. అందుకే ఈ ఎపిసోడ్ దాని గురించి.

ఆ... కెమెరా దగ్గరున్న మన తమ్ముడు ఏదో అడుగుతున్నాడు. గట్టిగా అడుగు, మైక్‌కి వినబడాలి.

"అన్నా, 80 దగ్గరే ఆపేస్తే, డబ్బులిచ్చి కొన్న బ్యాటరీలో 20 శాతం నేనే వదులుకున్నట్టు కదా? పోయేదేదో వాడుకుని పోతే పోలా?"

మంచి ప్రశ్నే. లాజిక్ కూడా ఉంది. నువ్వు రోజూ కాలేజీకి ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి, అక్కడ ప్లగ్ దొరక్క, సాయంత్రం దాకా బ్యాటరీ మీదే లాగుతావనుకో, నీకు ఈ 80 లిమిట్ అక్కర్లేదు. 100 చేసుకుని వెళ్ళు. నింపిన కాసేపటికే వాడటం మొదలుపెడతావు కాబట్టి అది 100 దగ్గర ఉండేది తక్కువసేపే. నింపడం తప్పు కాదురా, నింపి అలా వదిలేయడం తప్పు. కానీ చాలామంది సంగతి వేరే. వర్క్ ఫ్రం హోమ్, లేదా హాస్టల్ టేబుల్, ఎప్పుడూ పక్కనే సాకెట్. వాళ్ళు ఆ పై 20 శాతాన్ని అసలు వాడరు. వాడని దాని కోసం బ్యాటరీ అరుగుతుంది. నువ్వడిగిన లెక్క అక్కడ తిరగబడుతుంది.

"మరి కరెంటు పోతే?"

పోతే 80 శాతం ఉంటుంది కదా, నాలుగు గంటల బ్యాటరీ అయితే మూడు గంటల పైనే వస్తుంది. వైఫై రౌటర్ ఆగిపోతుందని ఏడవాలి గానీ ల్యాప్‌టాప్ గురించి కాదు. సరే, మా ఊళ్ళో ఎండాకాలం కోతలు గట్టిగా ఉంటాయి, రేపు పొద్దున పరీక్ష ఉంది, లేదా రాత్రికి ట్రైన్ ఎక్కాలి అనుకో. ఆ ముందురోజు లిమిట్ తీసేసి 100 పెట్టుకో. పని అయ్యాక మళ్ళీ లిమిట్ పెట్టెయ్. ఇదేం వ్రతం కాదు, ఒక్కరోజు తప్పితే పుణ్యం పోవడానికి.

ఇంక కింది వైపు చూద్దాం. రూమ్మేట్ చేసిన తప్పు. బ్యాటరీ వయసుని సైకిళ్ళలో లెక్కపెడతారు. ఒక సైకిల్ అంటే ఒకసారి ప్లగ్ పెట్టడం కాదు, మొత్తం కలిపి 100 శాతం వాడటం. ఇవాళ 60 శాతం వాడి ఛార్జ్ చేసి, రేపు 40 వాడితే, రెండ్రోజులకీ కలిపి ఒక సైకిల్. కాబట్టి "మాటిమాటికీ ఛార్జింగ్ పెడితే సైకిళ్ళు అయిపోతాయి" అనే భయం అనవసరం. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీలకి 300 నుంచి 500 సైకిళ్ళు అంటుంటారు. ఇప్పటి మ్యాక్‌బుక్‌లకి ఆపిల్ 1000 అని చెప్తుంది. అవి దాటగానే చచ్చిపోదు, కొత్తలో ఉన్నదాంట్లో 80 శాతం దగ్గరికి వస్తుంది.

కానీ అన్ని సైకిళ్ళూ ఒకేలా అరగదీయవు. 100 నుంచి 0కి దూకి, మళ్ళీ 0 నుంచి 100కి ఎక్కడం కంటే, 30, 40 నుంచి 70, 80 మధ్య చిన్న చిన్నగా తిరిగితే బ్యాటరీ చాలా ఎక్కువ కాలం వస్తుంది. 20 దగ్గరికి రాగానే ప్లగ్ పెట్టెయ్యండి, అంతే. 19 అయిందని కంగారు పడక్కర్లేదు.

అసలు ప్రమాదం సున్నా దగ్గర వదిలేయడంలో ఉంది. సెమిస్టర్ అయిపోయింది, ల్యాప్‌టాప్ ఆగిపోయింది, బ్యాగులో పడేసి ఊరెళ్ళారు, రెండు నెలలు ముట్టుకోలేదు. బ్యాటరీ ఊరికే ఉన్నా కొంచెం కొంచెం దిగుతూనే ఉంటుంది. సున్నా కంటే ఇంకా కిందికి దిగితే లోపలి రక్షణ సర్క్యూట్ తలుపు మూసేస్తుంది. తిరిగొచ్చి ఛార్జర్ పెడితే లైటు కూడా వెలగకపోవచ్చు. సెలవులకి వెళ్ళేటప్పుడు సగం, 50 శాతం దగ్గర ఉంచి, స్లీప్ కాకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి, చల్లటి చోట పెట్టండి. ఇనప బీరువా పైన, రేకుల కింద వద్దు. ఎండలో పార్క్ చేసిన కార్లో అసలే వద్దు. అమెరికాలోనో కెనడాలోనో చదువుకుంటున్న మనవాళ్ళకి దీనికి రివర్స్ సమస్య ఉంటుంది. మంచులో కార్లో వదిలేసిన ల్యాప్‌టాప్‌ని తేగానే ప్లగ్ పెట్టకండి. సున్నా డిగ్రీల కింద ఉన్న సెల్‌ని ఛార్జ్ చేస్తే లిథియం లోపలికి దూరకుండా గ్రాఫైట్ మీదే లోహంలా పేరుకుంటుంది, అది మళ్ళీ మామూలవ్వదు. గది వేడికి వచ్చేదాకా ఆగండి.

వేడి గురించి ఇంకో రెండు మాటలు. ల్యాప్‌టాప్‌ని ఇలా తిప్పి చూడండి. కింద ఈ గీతలు గీతల్లా ఉన్నవి డిజైన్ కోసం పెట్టినవి కాదు, చాలా మోడళ్ళు గాలి పీల్చుకునేది ఇక్కడి నుంచే. పరుపు మీద, దుప్పటి మీద, దిండు మీద పెడితే దాని ముక్కు మూసినట్టే. ఒక చెక్క పీట గానీ, గట్టి అట్ట ఉన్న పెద్ద పుస్తకం గానీ కింద పెట్టండి. రెండు మూడు వందల స్టాండ్ అయితే ఇంకా మంచిది. ఛార్జ్ అవుతుండగా ఏసీ లేని గదిలో మధ్యాహ్నం పూట హెవీ గేమ్ ఆడటం, వీడియో రెండర్ పెట్టడం వీలైనంత తగ్గించండి. ఛార్జింగ్ వేడి, ప్రాసెసర్ వేడి, మే నెల వేడి, మూడూ కలిసి బ్యాటరీ నెత్తినే పడతాయి.

ఛార్జర్ విషయం. ఇప్పుడు టైప్ సి రావడంతో ఏ ఛార్జర్ పడితే ఆ ఛార్జర్ గుచ్చేస్తున్నారు. వాట్లు చూడండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన అడాప్టర్ మీద రాసి ఉంటుంది, మామూలు వాటికి 45 లేదా 65, గేమింగ్ వాటికి 180, 230 కూడా ఉంటాయి. గేమింగ్ ల్యాప్‌టాప్‌కి 65 వాట్ల ఛార్జర్ పెట్టి గేమ్ ఆడితే చాలక, మిగతా కరెంటు బ్యాటరీలోంచి లాగుతుంది. ప్లగ్‌లో ఉన్నా శాతం తగ్గుతోందంటే అదే సంగతి. ఎక్కువ వాట్ల మంచి టైప్ సి ఛార్జర్ పెడితే మాత్రం ఏం కాదు, ల్యాప్‌టాప్ తనకి కావలసినంతే అడిగి తీసుకుంటుంది. ఒరిజినల్ పోయి కొత్తది కొనాల్సి వస్తే, రోడ్డు పక్కన మూడొందలకి దొరికేది కాకుండా, బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరు ఉన్నదే తీసుకోండి. బ్యాటరీ కొన్నా అంతే. ఇక్కడ మిగుల్చుకునే ఐదారు వందలు తర్వాత ఎంత ఖర్చు పెట్టిస్తాయో చెప్పలేం.

ఇప్పుడు మీ బ్యాటరీ ఎలా ఉందో ఈ ఎపిసోడ్ అయ్యేలోపు చూసేసుకోవచ్చు. విండోస్ అయితే స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. అందులో ఇలా టైప్ చేయాలి. పవర్ అనే ఇంగ్లిష్ పదం, దానికి అతికించి సి, ఎఫ్, జి అక్షరాలు. తర్వాత ఒక ఖాళీ. తర్వాత ఒక స్లాష్, ప్రశ్నార్థకం గుర్తు ఉండే కీ మీదే ఉంటుంది. దానికి అతికించి బ్యాటరీ, రిపోర్ట్, రెండు పదాలూ కలిపి. ఎంటర్ కొడితే ఒక ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో చెప్తుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరవండి. అందులో రెండు అంకెలు చూస్తే చాలు. డిజైన్ కెపాసిటీ, అంటే కొత్తలో ఉండాల్సింది. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ, అంటే ఇప్పుడు పడుతున్నది. ఉదాహరణకి మొదటిది 50,000 మిల్లీవాట్ అవర్లు, రెండోది 41,000 ఉంటే, మీ బ్యాటరీ ఆరోగ్యం 82 శాతం. రెండేళ్ళ ల్యాప్‌టాప్‌కి అది బాగున్నట్టే. 60 కిందికి వచ్చిందంటే కొత్త బ్యాటరీకి డబ్బులు పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టండి. సైకిల్ కౌంట్ కూడా ఉంటుంది గానీ కొన్ని ల్యాప్‌టాప్‌లు అది చూపించవు. మ్యాక్ వాళ్ళకి సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పవర్ కింద దొరుకుతుంది.

ఒకవేళ రిపోర్ట్ బాగానే ఉండి, ల్యాప్‌టాప్ మాత్రం 25 శాతం చూపిస్తూనే టక్కున ఆగిపోతుంటే, బ్యాటరీ కంటే ముందు దాని మీటరుని అనుమానించండి. ఎప్పుడూ 60, 80 మధ్యే తిరుగుతుంటే లెక్కపెట్టే చిప్ దారి తప్పుతుంది, పెట్రోల్ ముల్లు తప్పు చూపించే పాత బండిలాగా. రెండు మూడు నెలలకోసారి 100 దాకా నింపి, 10 దగ్గరికి రానిచ్చి, మళ్ళీ నింపండి. ఖాళీ చేసి నింపే సలహా ఇప్పటికీ పనికొచ్చేది ఈ ఒక్క చోటే, అది కూడా బ్యాటరీ కోసం కాదు, మీటరు కోసం.

చివరిగా, ఇది మాత్రం దయచేసి శ్రద్ధగా వినండి. ల్యాప్‌టాప్‌ని చదునైన బల్ల మీద పెట్టి చూడండి. నాలుగు కాళ్ళ మీద సరిగ్గా నిలబడట్లేదా, ఊగుతోందా? టచ్‌ప్యాడ్ ఒకవైపు పైకి లేచిందా, క్లిక్ గట్టిగా అయిందా? మూత మూస్తే మధ్యలో సందు ఉంటోందా? కీబోర్డ్ మధ్యలో ఎత్తుగా అనిపిస్తోందా? వీటిల్లో ఏది కనిపించినా ఛార్జర్ తీసెయ్యండి, షట్‌డౌన్ చెయ్యండి. నొక్కి సరిచేద్దామని చూడొద్దు. సూదితో పొడిచి గాలి తీసేద్దాం అనే మహానుభావులు కూడా ఉన్నారు, ఆ పని చేస్తే అంటుకుంటుంది, నిజంగా అంటుకుంటుంది. లోపల ఉన్న ద్రవం మండే రకం. మంట, వేడి, పిల్లలు లేని చోట పెట్టి, సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి చెప్పి తీసుకెళ్ళండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వెయ్యకండి, చెత్తబండిలో అది నలిగితే అక్కడ పనిచేసే వాళ్ళకి ప్రమాదం. మన దేశంలో 2022 నుంచి బ్యాటరీ వేస్ట్ రూల్స్ ఉన్నాయి, పాతవాటిని సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత బ్యాటరీలు మార్కెట్లోకి తెచ్చే కంపెనీలది. సర్వీస్ సెంటర్లో అడిగి ఇచ్చెయ్యండి.

మా తమ్ముడి సంగతి అడుగుతారేమో. కొత్త బ్యాటరీ వేయించాడు, టచ్‌ప్యాడ్ కూడా వంగిపోయిందని దానికి వేరే బిల్లు వేశారు. మొత్తం కలిపి రెండు నెలల ఈఎంఐ. వాళ్ళ నాన్నకి బ్యాటరీ డబ్బులే చెప్పాడు, టచ్‌ప్యాడ్‌వి నా దగ్గర తీసుకున్నాడు, ఇది మా బాబాయి చూడరనే ధైర్యంతో చెప్తున్నా. ఇప్పుడు లిమిట్ 80 పెట్టుకున్నాడు, పరుపు మీంచి టేబుల్ మీదికి మార్చాడు. రూమ్మేట్ మాత్రం ఇంకా సీనియర్ మాటే వింటున్నాడట. ఈ లింక్ వాడికే ముందు పంపమన్నా. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.